తుపాకీకీ ఒక మడి

పోయిన ఆదివారం గోంగూర కోసమని మా అమ్మాయితో కలిసి ఇక్కడ వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో మన కిరాణా షాపుకి వెళ్ళాను. తలుపు అద్దం మీద, కరివేపాకు కట్ట ఉచితమని రాసిన కాగితానికి కాస్త కిందుగా, ఎర్రటి సున్నాలో తుపాకీ బొమ్మ వేసి దానికి అడ్డగీత కొట్టిన స్టిక్కరొకటి కొత్తగా అంటించారు. దాన్ని చూడగానే నా ప్రమేయం లేకుండానే నా కుడి చెయ్యి స్వెటర్ కిందికి, నడుము మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు, ఉండి చాలా ఏళ్ళయింది కూడా. "నడుం నొప్పా అమ్మా? కార్ట్ నేను పుష్ చేస్తాలే," అంది మా అమ్మాయి. ఔనే తల్లీ అని ఊరుకున్నాను గానీ, షాపులో ఉన్నంతసేపూ నా మనసు గోంగూర మీద లేదు.

ఈ దేశంలో ఉద్యోగాలు చేసిన మా ఈడు ఆడవాళ్ళందరికీ క్యారేజీ కట్టుకుని పనికి పరిగెత్తిన జ్ఞాపకాలు ఉండే ఉంటాయి. నాకు క్యారేజీతో పాటు తుపాకీ కూడా కట్టుకుని వెళ్ళిన జ్ఞాపకం ఉందంటే మాత్రం మా గుడి స్నేహితురాళ్ళు ఎవరూ నమ్మరు. నమ్మకపోవడం వాళ్ళ తప్పు కాదు. నన్ను చూస్తే పచ్చిమిరపకాయ తుంచడానికి కూడా ఇద్దర్ని సలహా అడిగే మనిషిలా ఉంటాను.

మావారికి టెక్సస్‌లో ఓ చిన్న ఊళ్ళో కాలేజీ ఉద్యోగం దొరికినప్పుడు, ఫార్మసిస్టు లైసెన్సు చేతిలో పెట్టుకుని ఖాళీగా కూర్చోలేక, అక్కడి ఒకే ఒక్క మందుల షాపులో చేరాను. యజమాని తెల్ల మీసాల పెద్దాయన. చేరిన రోజే నాకు తెల్ల కోటూ తాళంచెవీ ఇచ్చి, తన నడుముకున్న తోలు ఒరని చూపించి, మధ్యాహ్నం తాను భోజనానికి వెళ్తే షాపంతా నీదే, నొప్పి మాత్రల కోసం ఇంతకు ముందోసారి కత్తితో వచ్చారు, నువ్వూ ఒకటి పెట్టుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు, పెట్టుకోనంటే అంతకన్నా లేదు అని, వానొస్తుంది గొడుగు తెచ్చుకో అన్నంత మామూలుగా చెప్పాడు. ఆయన రూల్స్ పుస్తకం మొత్తం ఆ ఒక్క మాటే.

మావారు ససేమిరా అన్నారు. మనకెందుకీ గోల, హాయిగా ఉద్యోగం మానెయ్యి అన్నారు. గ్రీన్ కార్డు అప్పటికే వచ్చింది గనక కొనుక్కోవడానికి చట్టం అడ్డు లేదు, అడ్డమల్లా ఆయనే. ఇక నా సంగతి చెప్పాలంటే, ఏ వస్తువు చూసినా ఇదెందుకు, ఇలాగే ఎందుకు అని అడగడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కొనడం మానడం తర్వాత చూద్దాం, ముందు అసలు అదేమిటో తెలుసుకుందామని, చర్చి ఆడవాళ్ళంతా కలిసి వెళ్తున్న శిక్షణ క్లాసుకి నేనూ వెళ్ళాను. ప్రశ్నలడిగి అడిగి ఆ మాష్టారి ప్రాణం తీశాను. ఖాళీ అని తెలిసినా నిండుగా ఉన్నట్టే పట్టుకోవాలని, ఎవరి వైపూ చూపించకూడదని, పని అయ్యాక చేతులు కడుక్కోవాలని, పిల్లలకి అందని చోట తాళం వేసి ఉంచాలని చెప్తుంటే, ఇదంతా ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. ఎక్కడ విన్నానో మాత్రం అప్పుడు తట్టలేదు.

చివరికి చిన్న రివాల్వర్ ఒకటి కొన్నాను. దాన్ని పెట్టుకుని పని చేయడంలో నాకు తెలిసొచ్చిన వింత ఏమిటంటే, మనిషి వంగడం మరిచిపోతాడు. కింది అరలో సిరప్పు సీసా తీయాలంటే నడుము వంచితే కోటు పైకి లేచి గుట్టు బయటపడుతుంది, అందుకని మోకాళ్ళు మడిచి నిటారుగా కూర్చుని లేవాలి. ఆ పెద్దాయనా అంతే, నేనూ అంతే. ఎవరైనా చూస్తే ఈ షాపులో వాళ్ళందరికీ నడుం పట్టేసిందేమో అనుకునేవాళ్ళు. అక్కడున్నన్నాళ్ళూ దాన్ని ఒరలోంచి బయటికి తీసే పని పడలేదు, దేవుడి దయ.

మావారి ఉద్యోగం మారి నగరానికి వచ్చాక నేను ఓ పెద్ద కంపెనీ ఫార్మసీలో చేరాను. అక్కడ రూల్స్ పుస్తకం మా పెళ్ళి ఆల్బమంత ఉంది. ఆయుధం షాపు గడప దాటి లోపలికి రాకూడదు, బయట మీ సొంత కారులో తాళం వేసి ఉంచుకుంటే మాకు సంబంధం లేదు, ఎవరైనా తెచ్చినట్టు తెలిస్తే వెంటనే పై వాళ్ళకి చెప్పాలి, తెచ్చినవాళ్ళకి ఆ రోజే ఉద్వాసన. అందుకని దాన్ని కారులోనే వదిలి లోపలికి వెళ్ళేదాన్ని. నేను అదే మనిషిని, అది అదే రివాల్వరు, అమ్మేవి అవే మాత్రలు. అక్కడ పెట్టుకోవచ్చన్నది ఇక్కడ తాకితే తప్పు ఎలా అయిందా అని తల బద్దలు కొట్టుకున్నాను. ఇందులో ఎవరు తెలివైనవాళ్ళో తేల్చుకోవాలని నాకు మహా కుతూహలంగా ఉండేది.

ఆ చిక్కు విప్పింది మా అత్తగారు. ఆర్నెల్లు ఉండి పోదామని బాపట్ల నుంచి వచ్చిన ఆవిడ, వంటింట్లో తన మడి అర, తన చెంబు, తన దండెం వేరుగా ఏర్పాటు చేసుకుని, నేను పని నుంచి రాగానే ముందుగా గదిలోకి పోయి ఇనప పెట్టెలో ఏదో పెట్టి తాళం వేయడం, చేతులు కడుక్కోవడం, ఆ పెట్టె వైపు ఎవర్నీ పోనివ్వకపోవడం నాలుగు రోజులు గమనించారు. అయిదో రోజు అడగనే అడిగారు. చెప్తే కెవ్వుమంటారని భయపడ్డాను. ఆవిడ తాపీగా విని, "ఓసి, ఇంతేనా? దీనికీ మడి ఉందన్నమాట," అన్నారు. ఆ క్లాసులో ఎక్కడో విన్నట్టున్నదంతా ఈవిడ దగ్గరే విన్నాను గదా! రెండు షాపుల తేడా చెప్పినా ఆవిడకి వింతనిపించలేదు. ఇంటింటికో మడి అమ్మాయ్, మా పుట్టింట్లో మైలబట్టతో నడవ దాకా ఒప్పుకునేవాళ్ళు, మీ మావగారింట్లో వీధి అరుగు మీదే ఆపేసేవాళ్ళు, ఎవరింటికెళ్తే వాళ్ళ పద్ధతి అని తేల్చేశారు. ఆ ఏడు దసరాకి ఆయుధపూజ అంటూ నా మాత్రల ట్రేకీ, కారుకీ బొట్టు పెట్టి, ఇనప పెట్టె తెరవకుండానే దాని మూతకీ ఇంత కుంకుమ అద్దారు. మావారు తల పట్టుకున్నారు.

అసలు చెప్పాలనుకున్నది ఆ చలికాలం సంగతి. మా దగ్గర మాత్రలు లెక్కపెట్టి ఇచ్చే ఓ టెక్నీషియన్ అమ్మాయి ఉండేది, అక్కడి పిల్లే, చురుకైనది, ఒక చంటిదానికి తల్లి. ఉన్నట్టుండి ఒకరోజు కింది అరలో పెట్టె తీయడానికి నడుము వంచకుండా మోకాళ్ళు మడిచి కూర్చుంది. మళ్ళీ అలాగే. ఇంకెవరికైనా అది నడుం నొప్పి, నాకు కాదు.

టీ వేళకి వెనక గదిలో మెల్లగా అడిగితే ఏడ్చేసింది. విడిపోయిన మొగుడు చంపుతానని బెదిరిస్తున్నాడట. దగ్గరికి రాకూడదన్న కోర్టు కాగితం ఉంది గానీ కాగితం వాణ్ణి ఆపదు గదా అంది. పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకా కోర్టులోనే ఉంది, ఉద్యోగం పోతే పిల్లా పోతుందని భయం. రూలు ప్రకారం నేను ఫోనెత్తి పైవాళ్ళకి చెప్పాలి. చెప్తే ఆ అమ్మాయి బతుకు వీధిన పడుతుంది, చెప్పకపోతే రేపు ఏదైనా అయితే దానికి జవాబుదారీ నాదే. ఇప్పటిదాకా నేను చూసింది నీ మోకాళ్ళనే, ఇంకేమీ చూడలేదు, ఇప్పుడే వెళ్ళి దాన్ని కారులో తాళం వేసి రా, రేపటి నుంచి వంగి పని చెయ్యి అన్నాను. వెళ్ళి పెట్టి వచ్చింది. కానీ పార్కింగ్ దాటి కారు చేరేదాకా నా గతేమిటి అన్నట్టు చూసిన ఆ చూపు నాకు అన్నం సయించనివ్వలేదు.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నారు. "మడి కట్టుకుని బావికెళ్ళే మనిషి ఒక్కతీ వీధిలో నడుస్తుందిటే? ముందొకళ్ళు తప్పుకోండి, తప్పుకోండి అంటూ నడవాలి. చేతిలో ఏమీ లేనిదాన్ని ఒంటిగా పంపిస్తారా ఎవరైనా?" అన్నారు. ఇంత పెద్ద పుస్తకం రాసిన కంపెనీకి ఈ ముక్క తోచలేదు.

మర్నాటి నుంచి సాయంత్రం ఆ అమ్మాయిని నేను కారు దాకా దిగబెట్టడం మొదలుపెట్టాను. నాకు కుదరని రోజు క్యాషియరు వెళ్ళేది. సరుకు సర్దే అబ్బాయిలు అడక్కుండానే వచ్చి చేరారు. ఎందుకని ఎవర్నీ ఎవరూ అడగలేదు. కొన్నాళ్ళకి అదొక అలవాటైపోయి, కబుర్లు చెప్పుకుంటూ అందరం కలిసే బయటికి నడిచేవాళ్ళం.

సరిగ్గా నేను తప్ప ఇంకెవరూ తోడు లేని రోజే వాడొచ్చాడు. మిగతావాళ్ళంతా సరుకు లారీ దగ్గర వెనకవైపున ఉన్నారు, ఆ అమ్మాయీ నేనూ ఇద్దరమే బయటికొచ్చాం. ఆమె కారు తలుపుకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె తుపాకీ ఆ తలుపు వెనకాలే ఉంది. నాది నా కారులో, సీటు కింద పెట్టెలో ఉంది, తాళంచెవి నా సంచీలో ఉంది, కారులో మా అత్తగారు ఉన్నారు. అక్కణ్ణుంచి భజనకి వెళ్దామని మావారు ఆవిణ్ణి తెచ్చి నా కారులో కూర్చోబెట్టి వెళ్ళారు. ఆ అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడు కదిలి మా వైపు వస్తున్నాడు.

అప్పుడు మోగింది హారను. మామూలుగా కాదు, ఆపకుండా, ఊరంతా లేచి వచ్చేలా. స్టీరింగు ఎప్పుడూ తాకి ఎరగని మనిషి, పక్క సీట్లోంచి అడ్డంగా వాలి, రెండు చేతులూ దాని మీద ఆనించి, బరువంతా వేసి నొక్కేశారు. మందుల సంచీలతో వచ్చినవాళ్ళు ఆగిపోయారు. క్యాషియరు పరిగెత్తుకొచ్చింది, లారీ దగ్గర అబ్బాయిలూ వచ్చారు, ఎవరో ముసలావిడ చేతికర్రతో సహా వచ్చి ఆ అమ్మాయి ముందు నిలబడింది. అంతమంది మొహాలు చూసి వాడు వెనక్కి తగ్గి, తన బండెక్కి వెళ్ళిపోయాడు. పోలీసులు వచ్చి రాసుకున్నారు, తర్వాత వాణ్ణి పట్టుకున్నారు కూడా. అమ్మాయి ఉద్యోగం నిలిచింది, పిల్లా తల్లి దగ్గరే ఉంది. నాకది చాలు.

కారెక్కి స్టీరింగు ముందు కూర్చుని భోరున ఏడ్చాను. అత్తగారు కళ్ళు తుడుచుకోమని తన కొంగు అందించారు. "రెండు తుపాకులూ రెండు కార్లలో తాళాలేసుకుని కూర్చున్నాయి. ఇంతోటి దానికి నేను బొట్టు కూడా పెట్టాను," అన్నారు. ఏడుస్తున్నదాన్ని ఫక్కున నవ్వాను.

ఆ రోజు అది ఆ అమ్మాయి నడుముకే ఉండుంటే ఏమయ్యేది? ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. మేలు జరిగేదేమో, ఘోరమే జరిగేదేమో. తెల్ల మీసాల పెద్దాయన ఒక సమాధానం చెప్పేవాడు, కంపెనీవాళ్ళు ఇంకోటి చెప్పేవాళ్ళు, నాకు మాత్రం తెలియదు. ఆ తర్వాత వర్జీనియాకి వచ్చి చేరిన ఆసుపత్రిలో ఆయుధాన్ని పార్కింగులోకి కూడా రానివ్వం అన్నారు. సరే, ఇది మూడో ఇల్లు, ఇది వాళ్ళ మడి అనుకుని దాన్ని అమ్మేశాను. అప్పటికి అత్తగారు లేరు. ఆ ఇనప పెట్టె మూత మీద కుంకుమ మరక ఇంకా ఉంది, అందులో ఇప్పుడు పాస్‌పోర్టులు పెట్టుకున్నాం.

గోంగూర కొనుక్కుని తిరిగి వస్తుంటే కారులో మా అమ్మాయిని, మీ ఆఫీసులో ఎలాగే అని అడిగాను. అది పనిచేసేది ఇక్కడే, కిటికీలు లేని ఆ పెద్ద డేటా సెంటర్లలో. "వెపన్స్ స్ట్రిక్ట్‌గా నో అమ్మా, కార్‌లో కూడా నో. గేట్ దగ్గర గార్డ్, ఎవ్రీవేర్ కెమెరాలు, బ్యాడ్జ్ లేకపోతే డోరే ఓపెన్ కాదు," అంది. సాయంత్రం షిఫ్ట్ అయ్యాక కారు దాకా నీతో ఎవరొస్తారు అన్నాను. "ఎవరొస్తారు? ఎవరూ రారు. యాప్ ఉంది, ప్రెస్ చేస్తే సెక్యూరిటీ వస్తారు."

రూల్స్ పుస్తకాలు పెరిగాయి, తలుపులు గట్టిపడ్డాయి, స్టిక్కర్లు కిరాణా షాపుల దాకా వచ్చాయి. అవేవీ వద్దనను, ఎవరి మడి వాళ్ళది. కానీ ఒకరు ముందు నడవడం అనే ముక్క మాత్రం ఏ పుస్తకంలోనూ ఎక్కినట్టు లేదు, ఎక్కకుండానే పోయింది. మా రోజుల్లో అయినా అది పుస్తకంలో ఉండేది కాదు, మనుషుల్లో ఉండేది.

సోమవారం నీ షిఫ్ట్ అయ్యే వేళకి వచ్చి గేటు బయట కారులో కూర్చుంటానన్నాను. "అమ్మా, సీరియస్లీ?" అని పెద్దగా నవ్వింది మా అమ్మాయి. వద్దని మాత్రం అనలేదు.