మండపేటకి సముద్రపు నీళ్ళు

మా రాజమండ్రి ఫ్లాటులో, వంటింటి గట్టు కింద, గ్యాస్ బండ పక్కన ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటుంది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పాతబడి పసుపు తిరిగింది. చెయ్యి కోసుకోకుండా పిడి చుట్టూ నాన్న చుట్టిన సైకిలు ట్యూబు ముక్క ఎండిపోయి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే పాతికేళ్ళ తరువాత కూడా ఆ వాసన వస్తుంది, ఉప్పూ, పాచీ, ఎండకి కాగిన ప్లాస్టిక్కూ కలిసిన వాసన. మా పనమ్మాయి దాన్ని రెండుసార్లు పాత సామాన్లవాడికి వేసెయ్యబోయింది, రెండుసార్లూ కేకలేశాను. "ఏటమ్మగారూ, అందులో మణులున్నాయా?" అని మూతి తిప్పుకుంది. ఆ డబ్బా కోసం వచ్చే ఆదివారం మండపేట నుంచి మా చెల్లి వాణి వస్తోంది. అందుకే ఇదంతా తవ్వుకుంటున్నాను గానీ, ఊరికే కూర్చుని పాత సంగతులు తలుచుకునే రకాన్ని కాదు నేను.

మాది నరసాపురం. వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేసిన రోజులవి. నాన్న సముద్రపు ఒడ్డున ఒక రొయ్యపిల్లల హేచరీలో పనిచేసేవాడు. సాయంత్రం ఆయన సైకిలు దిగగానే ఉప్పుగాలి కూడా ఆయన వెంటే ఇంట్లోకి వచ్చేది, చొక్కా విప్పి దండెం మీద వేస్తే వీపున ఉప్పు చారలు ముగ్గు వేసినట్టు కనపడేవి. అమ్మ వీధి అరుగు మీద కూర్చుని, దారపు ఉండ ఒళ్ళో పెట్టుకుని, సూది వంక చూడకుండానే లేసు అల్లుతూ ఇరుగమ్మతో పొరుగమ్మతో మాట్లాడుతూ ఉండేది. ఎండాకాలం ముంజెలు బొటనవేలితో పొడిచి పీల్చడం, వానాకాలం గోదావరి ఎర్రబడి ఉరకలేస్తుంటే రేవులో నిలబడి కొట్టుకొచ్చే దుంగలు లెక్కపెట్టడం, అట్లతద్దికి చేతులు ఎర్రగా పండించుకుని, పెరుగన్నంలో గోంగూర పచ్చడి నంజుకు తిని, ఉయ్యాలల మీద కాళ్ళు ఎంత పైకి పోతాయో పందాలు కాయడం, ఇవీ మా పనులు. నాకు పదేళ్ళు, వాణికి ఆరు. నేను ఎక్కడుంటే అది అక్కడ, నా జడ కొస పట్టుకుని.

రొయ్యలకి తెల్లమచ్చ తెగులు తగిలి చెరువులు వరసగా ఖాళీ అయ్యాయి, రొయ్యపిల్లల్ని కొనేవాళ్ళు లేక హేచరీ మూసేశారు. ఆఖరి రోజున నాన్న ఇంటికి తెచ్చుకున్నవి ఒక గాజు తొట్టి, నీళ్ళలోకి గాలి బుడగలు ఊదే చిన్న మోటారు, నీళ్ళలో ఉప్పెంతుందో చెప్పే గాజు గొట్టం, నాలుగైదు సెలైన్ గొట్టాలు. "వీటినేం చేసుకుంటామండీ, వండుకుంటామా?" అంది అమ్మ. నాన్న ముందుగదిలో బల్ల మీద తొట్టి పెట్టి, పంటు మీద గోదావరి దాటి, అంతర్వేది దాకా సైకిలు తొక్కి, ఇదిగో ఈ డబ్బాతోనే విడతలు విడతలుగా సముద్రపు నీళ్ళు తెచ్చి నింపాడు. పనిలేని మగవాడు ఇంట్లో ఏదో ఒకటి పట్టుకుని కూర్చుంటాడని అమ్మ సర్దుకుంది.

ఒకరోజు రేవులో వలలోంచి చేపలు ఏరుతున్న ఒకాయన పారేసిన శంఖం నాన్న కంటపడింది. శంఖం మీద అంటుకుని జిగురుగా, గోధుమరంగులో, ముడుచుకుపోయిన ముద్ద. "అది కూరకి పనికిరాదండి బాబూ, చెయ్యి దురదెక్కుద్ది," అన్నాడాయన. నాన్న దాన్ని నీళ్ళతో సహా తెచ్చి, తొట్టిలో పెట్టి, మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాసేపటికి ఆ ముద్ద మెల్లగా విచ్చుకుంది. చుట్టూ సన్నటి రేకులు, నీళ్ళలో అటూ ఇటూ ఊగుతూ, మధ్యలో చిన్న నోరు. దాన్ని ఎనిమోన్ అంటారని, పువ్వులా కనపడుతుంది గానీ జంతువని నాన్న చెప్పాడు. వాణి ఆ పేరు పలకలేక "పువ్వు" అంది, అదే పేరు స్థిరపడింది. కొన్నాళ్ళకి ఆ పువ్వు శంఖం దిగి, అద్దం మీద రోజుకో బెత్తెడు జరుగుతూ, అడుగునుండే పాదం ముక్కలు అక్కడక్కడా వదిలేసింది. అద్దం మురికైందని నేను తుడవబోతే వాణి నా చెయ్యి పట్టుకుని అరిచింది. "తుడవకక్కా, ఆటికి వేళ్ళున్నాయి!" దాని ముక్కు సరిగ్గా తొట్టి ఎత్తుకి వచ్చేది, అందుకని అన్నీ ముందు దానికే కనపడేవి. నిజమే, ఒక్కో ముక్కకీ పెసరగింజంత ఒళ్ళూ, చుట్టూ నూగులాంటి రేకులూ మొలిచాయి. పదకొండు పువ్వు పిల్లలు. అట్లతద్ది వాయనం అట్లు కూడా పదకొండే అని వాణి ఊరంతా చెప్పుకొచ్చింది.

ఆ పిల్లల్ని వేరే గిన్నెలో పెంచాల్సి వచ్చినప్పుడు నాన్న పని చూడాలి. అవి ఉన్న చిన్న సీసాని ముందు గిన్నెలో తేలేసి అరగంట ఉంచేవాడు, రెండు నీళ్ళ వేడీ ఒకటవ్వాలని. తరువాత సెలైన్ గొట్టం ఒక కొస గిన్నెలో, ఇంకో కొస సీసాలో పెట్టి, గొట్టానికున్న చిన్న చక్రం తిప్పి, చుక్క తరువాత చుక్క పడేలా చేసి, ఎదురుగా పీట వేసుకు కూర్చునేవాడు. నాలుగు గంటలు. అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. "ఇంత ఆలస్యం ఎందుకు నాన్నా, ఒక్కసారి పోసెయ్యొచ్చుగా?" అని నేనడిగితే చెప్పాడు. "పిల్లలు కదమ్మా అవి. చిన్నవైతే కొత్తనీళ్ళకి తొందరగా అలవాటు పడతాయి. కానీ తొందరపెడితే తొందరగానే పోతాయి."

ఈ మాట గుర్తుంచుకోండి. నా ప్రాణం తీస్తున్నది ఇదే.

అమ్మకి అక్క, కాంతం పెద్దమ్మ. మండపేటలో వాళ్ళకి రైసుమిల్లు. పిల్లల్లేరు. మనసు మంచిది, వచ్చినప్పుడల్లా బుట్టెడు పూతరేకులు తెచ్చేది, మా తలల్లో పేలు చూసి నూనె రాసి జడలు వేసేది. ఆ కార్తీకమాసంలో పెద్దనాన్నతో కలిసి వచ్చి, రెండు రోజులు ఏమీ అనకుండా ఉండి, మూడో రోజు కాఫీలప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుంది. "నీకిద్దరున్నారే. ఒకదాన్ని నాకిచ్చెయ్యి, కళ్ళల్లో పెట్టుకు పెంచుకుంటాను. పద్మ అయితే పెద్దది, చెప్పిన మాట వింటుంది." పద్మని నేను. గుమ్మం పక్కన తేగ ఒలుచుకుంటున్నాను. నాన్నకి పనిలేదు, అమ్మ కాదనలేదు, ఆ సంగతి పదేళ్ళ పిల్లకి కూడా అర్థమవుతుంది.  గబుక్కున అనేశాను. "చిన్నవైతే తొందరగా అలవాటు పడతాయంట పెద్దమ్మా. నాన్న చెప్పాడు."

 పెద్దనాన్న గట్టిగా నవ్వాడు. "చూశారా, పిల్ల ముసలమ్మలా ఎంత బాగా చెప్పిందో! నిజమే మరి, పదేళ్ళ పిల్లకి ఊహ తెలిసిపోతుంది." పెద్దమ్మ ఆలోచనలో పడింది. నాన్న నా వైపు చూశాడు. రెండో సగం ఆయన చెప్తాడేమోనని ఎదురుచూశాను, చెప్తాడేమోనని భయపడ్డాను కూడా. ఆయన చెప్పలేదు.

ఆ గురువారమే మంచిరోజన్నారు, పదకొండు దాటితే వర్జ్యం అన్నారు. తొమ్మిదింటికి అమ్మ వాణికి తలంటింది, తాను అల్లిన లేసు పువ్వులు అంచుకి కుట్టిన గౌను తొడిగింది, పదిన్నరకి కారు గుమ్మంలోకి వచ్చింది. వాణి పెద్దమ్మగారింటికి సరదాగా వెళ్తున్నాననుకుంది. ఒక పువ్వు పిల్లని ఇస్తేనే కారెక్కుతానని పేచీ పెట్టింది. నాన్న హార్లిక్స్ సీసాలో ఒకదాన్ని వేసిచ్చి, పెద్దమ్మకి పదేపదే చెప్పాడు. "నీళ్ళు ఒక్కసారి మార్చకండి వదినగారూ. నేనే వచ్చి మారుస్తాను. ఎవర్నీ ముట్టుకోనివ్వకండి." పెసరగింజంత ప్రాణానికి నాలుగు గంటలు కాపలా కూర్చునే మనిషి, ఆరేళ్ళ కూతుర్ని గంటన్నరలో సాగనంపాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరెక్కడిది? ఆ రోజు మధ్యాహ్నం నా జడ కొస పట్టుకునేవాళ్ళు లేక ఇల్లంతా ఊరికే తిరిగాను.

అప్పటినుంచి పదిహేను రోజులకోసారి నాన్న మండపేట ప్రయాణం. ముందురోజు అంతర్వేది వెళ్ళి డబ్బా నింపుకొచ్చేవాడు, పొద్దున్నే పాలకొల్లు మీదుగా రావులపాలెం బస్సెక్కి, సిద్ధాంతం దగ్గర ఒక గోదావరి పాయ దాటి, రావులపాలెంలో బస్సు మారి, జొన్నాడ దగ్గర ఇంకో పాయ దాటి, ఒళ్ళో డబ్బా పెట్టుకుని వెళ్ళేవాడు. బస్సులో జనం కిరసనాయిలనుకుని దూరం జరిగేవారట. రాత్రి ఇంటికి వస్తే ఒంటిమీద మిల్లు ఊకా, ఉప్పుడు ధాన్యం వాసనా. అమ్మ గుమ్మంలోనే అడిగేది, "ఎలా ఉంది?" అని. "బాగుంది. విచ్చుకుంది. పెరుగుతోంది," అనేవాడు. పువ్వు గురించే చెప్పేవాడు, అమ్మ కళ్ళొత్తుకునేది. రెండోసారి నుంచి ప్రతిసారీ వెళ్ళేముందు అమ్మనొక లేసు పువ్వు అల్లిమ్మనేవాడు. "వాణి గౌనుకి ఊడిపోయిందే. కిందటిసారి దానికంటే కొంచెం పెద్దది." అమ్మ కారణం అడగకుండా అల్లి, కాగితంలో చుట్టిచ్చేది.

ఆరోసారో ఏడోసారో నాన్న నిండు డబ్బాతో తిరిగొచ్చాడు. డబ్బా మూలన పెట్టి, అరుగు మీద కూలబడి, అమ్మకి చెప్పాడు. పెద్దమ్మ గుమ్మంలోనే ఆపిందట. "మీరేమీ అనుకోకండి మరిదిగారూ. మీరొచ్చెళ్ళాక అది నాలుగు రోజులు ముద్ద ముట్టదు. ఏడుపే ఏడుపు. మాకు అలవాటవ్వాలా వద్దా, మీరే చెప్పండి," అందట. ఆవిడ కళ్ళల్లో కూడా నీళ్ళున్నాయట. "ఆవిడ చెప్పిందీ నిజమేలే," అన్నాడు నాన్న. అంతే, ఇంక సముద్రానికి వెళ్ళలేదు. తొట్టిలో నీళ్ళు మార్చేవాళ్ళు లేక, వానలు పడేనాటికి పెద్ద పువ్వూ, మిగిలిన పదీ ఒక్కొక్కటే ముడుచుకుపోయాయి. అమ్మ తొట్టి కడిగి అందులో బియ్యం పోసింది. రెండేళ్ళ తరువాత ఒక పెళ్ళిలో వాణి కనపడితే, జడకుచ్చులు ఊపుకుంటూ వచ్చి నాన్నని "బాబాయ్ గారూ, బాగున్నారా?" అని అడిగింది, అమ్మని "పిన్నీ" అంది. పెద్దమ్మ నేర్పినట్టే అంది, తప్పేమీ లేదు. నాన్న "బాగున్నానమ్మా" అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు, భోజనాల బంతికి మాత్రం రాలేదు.

కిందటేడు నాన్న పోయాడు. పదిరోజులూ వాణి మా ఇంట్లోనే ఉంది. అటక సర్దుతుంటే ఈ డబ్బా దొరికింది. మూత తీసి వాసన చూసి, అది నేల మీద చతికిలపడింది.

"అక్కా, నీకో సంగతి తెలుసా? పువ్వు మూడో రోజే చచ్చిపోయింది. నీళ్ళు మురిగాయని మండపేటలో పనమ్మాయి పారబోసి నుయ్యి నీళ్ళు పోసేసింది. అది తెలిస్తే ఇంక రాడేమోనని భయమేసి, గౌను అంచున లేసు పువ్వొకటి తెంపి సీసాలో వేశాను."

"తరువాత?"

"వచ్చాడు. సీసా ఎత్తి చూశాడు, నా మొహం చూశాడు.  అరగంట ఆగి గొట్టం పెట్టి, చుక్క చుక్కగా వదులుతూ నాలుగు గంటలూ నా పక్కనే కూర్చున్నాడు. దారప్పువ్వుకి. మళ్ళీ వచ్చినప్పుడు నేను చూడకుండా మార్చేశాడు, ఇంకొంచెం పెద్దది. పెరిగింది చూశావా తల్లీ, అన్నాడు. నాన్నకి తెలుసక్కా. నాకూ తెలుసు."

పాతికేళ్ళ తరువాత దాని నోట 'నాన్న' అనే పిలుపు విన్నాను. ఇద్దరం ఆ డబ్బాకి చెరోవైపు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాం.

హేచరీ షెడ్లు కూలిపోయాయి, మా అరుగు రోడ్డు వెడల్పులో పోయింది, అమ్మ కళ్ళకి ఇప్పుడు సూది ఆనదు. నాన్న నీళ్ళు ముంచుకున్న చోటుకి నిరుడు వెళ్ళి చూస్తే ఒడ్డు కోసుకుపోయి, అక్కడుండే సరుగుడు చెట్లే లేవు. డబ్బా తనకిమ్మని వాణి అడిగింది, తీసుకెళ్ళమన్నాను. "చిన్నదాన్నని నన్ను పంపేశారు గానీ, లేకపోతే నువ్వే మండపేటలో కోడిగుడ్డంతేసి ముత్యాలు వేసుకు తిరిగేదానివి," అని అది ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తుంది. నేను నవ్వేస్తాను. ఎందుకు చిన్నదాన్ని పంపారో, ఎవరి మాట మీద పంపారో, ఆ మాటలో ఏ సగం మింగేశానో దానికెవరూ చెప్పలేదు. నాన్న చెప్పకుండానే పోయాడు. ఆదివారం దానికిష్టమని గోంగూర పచ్చడి నూరుతాను, అన్నం పెడతాను, తిన్నాక నేనే చెప్పాలి. చెప్పాక ఆ డబ్బా పట్టుకెళ్తుందో, ఇక్కడే వదిలేసి వెళ్తుందో నాకు తెలియదు.