ఎర్ర బెల్టు కెమెరా, పసుపు బెల్టు కెమెరా

అరసవల్లి రోడ్డులో మా మేనమామకి ఫోటో స్టూడియో ఉండేది. నేను చెప్పేది రెండువేల పన్నెండు ప్రాంతం సంగతి. రీలు కెమెరా అటకెక్కి అప్పటికి చాలా ఏళ్లయింది. మా దగ్గరున్న చిన్న డిజిటల్ కెమెరా పట్టుకుని పెళ్లికి వెళితే, పెళ్లికొడుకు తమ్ముడి చేతిలో అంతకంటే మంచిది కనిపించి పరువు పోతోంది. ఇక లెన్సులు మార్చుకునే డీఎస్ఎల్ఆర్ కెమెరా కొనక తప్పదని మావ ఒప్పుకున్నాడు. కొనడానికైతే ఒప్పుకున్నాడు గానీ, ఏ కంపెనీది కొనాలన్న దగ్గర ఆయనకీ ఆయన కొడుక్కీ చెడింది. ఆ కొడుకు నాకు బావ. మాకు పెళ్లి చేద్దామన్న మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తి ఉంటే ఇద్దరం కొట్టుకుని చచ్చేవాళ్లం.

రీలు రోజుల నుంచీ మావ వాడింది పసుపు బెల్టు కంపెనీ. బావ స్నేహితులందరి మెడలోనూ ఎర్ర బెల్టు. నెల రోజులు తండ్రీకొడుకులకి మాటల్లేవు. ఇద్దరికీ వేర్వేరుగా అన్నం వడ్డించలేక విసిగిపోయిన మా అత్త, చెరొకటీ కొనుక్కుని ఏడవండని తేల్చేసింది. నిజంగానే విశాఖపట్నం వెళ్లి చెరొకటీ కొనుక్కొచ్చారు. రెండూ ఆయా కంపెనీల్లో అన్నిటికంటే చిన్నవి, కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనుక్కునేవి.

డబ్బాలు విప్పాక గానీ చేసిన ఘనకార్యం తెలియలేదు. దీని లెన్సు దానికి పట్టదు. దాని బ్యాటరీ దీంట్లో దూరదు. పెళ్లిళ్లకని కొన్న పెద్ద ఫ్లాష్ ఎర్ర బెల్టుదానికి మాత్రమే పనిచేస్తుంది. పాతికేళ్లుగా ఫోటోలు తీస్తున్న మావకీ తట్టలేదు, అన్నీ తనకే తెలుసనుకునే బావకీ తట్టలేదు. బస్సులో పక్కపక్కనే కూర్చుని మూతులు ముడుచుకుని వస్తే ఇలాగే ఉంటుంది మరి. నేను నవ్వాపుకోలేక కంప్యూటర్ వెనక తల దాచుకున్నాను.

ఆ కంప్యూటర్ ముందే నా బతుకు తెల్లారిపోతుండేది. డిగ్రీ అయ్యాక ఊళ్లో పొలం పనికి పోనని మొండికేస్తే, అమ్మ నన్ను తన తమ్ముడి దగ్గరికి పంపింది. మూడేళ్లుగా ఆల్బమ్ మిక్సింగ్ చేస్తున్నాను. అంటే బావ తీసుకొచ్చిన పెళ్లి ఫోటోలకి రంగులు సరిచేసి, ముక్కలు కత్తిరించి, గులాబీల మధ్యా హంసల మధ్యా అతికించడం. బావ కళ్లు మూసుకున్నవాళ్లని తీసేవాడు, తలలు నరికి తీసేవాడు. వాటినన్నిటినీ బాగుచేసేది నేను, పేరు ఆయనకి. నాకు కావలసింది ఒక్కటే. ఆ కుర్చీలోంచి లేచి, పెళ్లి పందిట్లో పీటల ముందు కెమెరా పట్టుకుని నిలబడాలి. ఆ మాట అడిగిన ప్రతిసారీ మావ ఒకే పాట పాడేవాడు.

"లైట్లు మొయ్యాల, స్టేండ్లు మొయ్యాల. నీవల్ల ఏటవుద్దే? కూకుని మిక్సింగు సేసుకో."

ఊళ్లో వరి మోపులు మోసిన మెడ నాది. స్టేండు మొయ్యలేనట. ఒళ్లు మండి ఓసారి మౌసు విసిరికొట్టాను. అది పగిలింది. కొత్తది వచ్చేదాకా మిక్సింగ్ ఆగింది గానీ మావ మాట మాత్రం మారలేదు.

రెండు కెమెరాలొచ్చాక ఏది గొప్పదన్న తగువు మొదలైంది. తీర్పు చెప్పే పని నామీద పడింది, ఎందుకంటే రెండింటి ఫోటోలూ తెర మీద పెద్దవి చేసి చూసేది నేనే. ఓ ఆదివారం ముగ్గురం ఆమదాలవలసలో రైలెక్కి నౌపడలో దిగాం. ఉప్పు మడుల దగ్గర ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఒకే దృశ్యాన్ని తీశారు. ఇద్దరి ఫోటోల్లోనూ ఉప్పు బూడిద కుప్పలా వచ్చింది. మావ తన కెమెరాని తిట్టాడు, బావ ఎండని తిట్టాడు. అంత తెల్లదనాన్ని చూసి కెమెరా భయపడి వెలుతురు తగ్గించేస్తోందని మూడేళ్లు రంగులు దిద్దిన నాకు అర్థమైంది. పసుపు బెల్టుదాన్ని లాక్కుని, ప్లస్సు గుర్తున్న బటను నొక్కి రెండు మెట్లు పెంచి తీశాను. ఉప్పు ఉప్పులా తళతళలాడింది. బావ ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు. నా కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత ఇంకో రెండు ఆదివారాలు కళింగపట్నం వెళ్లాం. ఎండబెట్టిన చేపలు, ఒడ్డుకొస్తున్న పడవలు, తట్టలెత్తుకున్న ఆడవాళ్లు, అన్నీ రెండేసిసార్లు తీశాం. తెర మీద పెట్టి చూస్తే రెండింటి గుణాలూ స్పష్టంగా తెలిసిపోయాయి. ఎర్ర బెల్టుదాంట్లో మనుషుల ముఖాలు అప్పుడే పసుపు రాసుకుని కడుక్కున్నట్టు కళగా ఉంటాయి. కదిలే పడవని టక్కున పట్టుకుంటుంది, వీడియో కూడా దానిదే బాగుంటుంది. కానీ నీడలో ఉన్నదాన్ని కంప్యూటర్లో కాస్త పైకి తీసుకురాబోతే చారలు పడి ఇసక చల్లినట్టు అయిపోతుంది. పసుపు బెల్టుదాంట్లో ముఖాలు కాస్త పాలిపోయినట్టుంటాయి, నేను దిద్దుకోవాలి. అయితే నీడలో ఏమున్నా అది దాచుకునే ఉంచుతుంది, ఎంత పైకి లాగినా చెక్కుచెదరదు. సముద్రం, ఉప్పు మడులు, పొలాలు తీయాలంటే దాన్ని మించింది లేదు.

కాబట్టి ఉన్నదున్నట్టు తీర్పు చెప్పాను. పెళ్లిళ్లకి ఎర్రది, మిగతావాటికి పసుపుది. మావ ముఖం మాడ్చుకున్నాడు. బావ ఎర్ర బెల్టు మెడలో వేసుకుని బజారంతా తిరిగాడు. పసుపుది కొట్లో పాస్‌పోర్టు ఫోటోలకి మిగిలింది, దాంతోపాటు నేనూ మిగిలాను. నా నోటితో నేనే నా దారి మూసుకున్నానని ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మావ దగ్గర రీలు కాలం నాటి ఫిఫ్టీ ఎంఎం లెన్సు ఒకటి ఉండేది. అది పసుపు బెల్టుదానికి పట్టింది గానీ, ఆ చిన్న కెమెరాలో లెన్సుని తిప్పే మోటారు లేదు. చేత్తో తిప్పుకుంటూ ఫోకస్ చేసుకోవాలి. సరిగ్గా కుదిరితే కన్ను పెట్టి చూసే గాజులో చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. బావ దాన్ని చూసినప్పుడల్లా మోటారు లేని బండి అని వెక్కిరించేవాడు. వెక్కిరించనీ అనుకుని, కొట్లోకొచ్చిన ప్రతి మనిషినీ దాంతోనే తీశాను. కదలకుండా కూర్చోని పిల్లలని తీశాను, గుడికొచ్చి లాడ్జీల్లో దిగినవాళ్లని తీశాను. కొన్నాళ్లకి నా వేళ్లు ఆ ఆకుపచ్చ చుక్కని వాటంతటవే వెతుక్కునేవి.

అప్పుడొచ్చింది కళింగపట్నం పెళ్లి. చేపల వ్యాపారం చేసే ఇంటి పిల్ల, పగటి ముహూర్తం. కెమెరా మాట్లాడుకోడానికి పెళ్లికూతురు నానమ్మతో కలిసి స్వయంగా వచ్చింది. వాళ్లింట్లో పేరంటాలికి దీపం పెట్టే ఆచారం ఉంది. ఎప్పుడో ఆ ఇంటి ఆడది ఒకామె సముద్రం మీదికి పోయిన మనిషి కోసం దీపం పెట్టుకుని కూర్చుని, అలాగే కన్నుమూసి, ఆ ఇంటి దేవతయిందట. పీటల మీదికి వెళ్లేముందు పెళ్లికూతురు లోపలి గదిలో ఆమెకి దీపం వెలిగించాలి. ఆ ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లయినా దానికి మాత్రం ఫోటో లేదు. ఈ పిల్లకి అది కావాలి. వారం రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరి నానమ్మని ఒప్పించింది. ముసలామె షరతులు మాత్రం గట్టిగా చెప్పింది.

"మగోడు లోనకి రాకూడదు. మెరుపు మెరవకూడదు. ఆ దీపం ఎలుతురు తప్ప ఇంకో ఎలుతురు గదిలో పడ్డాదా, ఊరుకోను."

మావ బావకేసి చూశాడు. బావ నాకేసి చూశాడు. నేను కుర్చీలోంచి అప్పటికే లేచి నిలబడ్డాను.

ఇప్పుడు ఏ కెమెరా అన్నది ప్రశ్న. కొత్త లెన్సుతో ఎర్రది తీసుకెళ్లమని బావ, తన పాత లెన్సుతో పసుపుది తీసుకెళ్లమని మావ మళ్లీ మొదలుపెట్టారు. నోరు మూసుకోమని ఇద్దరికీ చెప్పి, పాత డార్క్ రూములో సామాన్లు పక్కకి నెట్టి, మా అత్తని పీట మీద కూర్చోబెట్టి ముందు దీపం పెట్టాను. ఎర్రదాన్ని ఎత్తి నొక్కితే ఆ చీకట్లో ఎక్కడ ఫోకస్ చేయాలో తెలియక లెన్సు గిరగిరా ముందుకీ వెనక్కీ తిరిగింది, ఆ తర్వాత దారి చూసుకోడానికి తన ఫ్లాష్‌నే టపటపా కొట్టింది. అత్త ఓలమ్మో అని ఉలిక్కిపడింది. పసుపుదానికి దాని కొత్త లెన్సు పెడితే అదీ తక్కువ తినలేదు, వెతుక్కోడానికి ముందున్న చిన్న లైటు వెలిగించింది. అదే కెమెరాకి మావ పాత లెన్సు బిగించాను. మోటారు లేదు కాబట్టి వెతుకులాట లేదు, వెతుకులాట లేదు కాబట్టి లైటూ లేదు. పైగా ఆ లెన్సు నోరు పెద్దది, గుక్కెడు వెలుతురున్నా మింగేస్తుంది. ఇన్నాళ్లూ బావ వెక్కిరించిన లోపమే ఇప్పుడు అక్కరకొచ్చింది. మావ మాత్రం, ఆ దీపం ఫోటో చెడిందంటే కుర్చీలోంచి లేస్తానన్న మాట మళ్లీ ఎత్తవద్దని నాతో ఖచ్చితంగా చెప్పాడు.

పెళ్లిరోజు పొద్దున పదింటికి గది కిటికీలకి దుప్పట్లు కట్టారు. నేను కెమెరా వెనక తెరకీ, దాని పక్కన మిణుకుమనే ఎర్ర చుక్కకీ నల్ల టేపు అంటించాను. అంటే తీసింది ఎలా వచ్చిందో చూసుకునే దారి నాకూ లేదు. తలుపు మూశారు. అయిదుగురు ఆడవాళ్లు, పెళ్లికూతురు, నేను. అగ్గిపుల్ల గీశారు, వత్తి అంటుకుంది. నా వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆకుపచ్చ చుక్క వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఊపిరి బిగబట్టి నొక్కాను. దీపం రెపరెపలాడితే నానమ్మ అరచెయ్యి అడ్డంపెట్టింది. అప్పుడూ నొక్కాను. అంతా కలిపి పదిహేను నొక్కులు ఉంటాయేమో, పని అయిపోయింది.

తలుపు తీయగానే ముసలామె అందరికీ వినబడేలా అనేసింది.

"మెరవనేదు. ఈ పిల్ల ఏటీ తియ్యనేదు."

ఆ ఊళ్లో మెరిస్తేనే ఫోటో. ఇన్నేళ్లుగా మా బావలాంటివాళ్లు అలా అలవాటు చేశారు. పెళ్లికూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. అరుగు మీద మావ ముఖం నల్లబడింది. నాకు మాత్రం తీశానని తెలుసు, వచ్చిందో లేదో తెలియదు. టేపు పీకాను.

మొదటి మూడూ అలుక్కుపోయాయి. నాలుగోదాంట్లో ఫోకస్ వత్తి మీదే ఉంది, పిల్ల ముఖం మీద లేదు. బటను నొక్కి అయిదోది తెర మీదికి తెచ్చాను. గదంతా చీకటి, మధ్యలో పిల్ల ముఖం, దించిన కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. వెలుతురుకి ఎర్రబడ్డ నానమ్మ వేళ్లు దీపానికి అడ్డంగా ఉన్నాయి. ఇంకేమీ లేదు ఫోటోలో. ఇంకేమీ అక్కర్లేదు కూడా. మూడేళ్లలో వేల ఫోటోలు దిద్దాను గానీ, దిద్దడానికి ఏమీ లేని ఫోటోని చూడటం అదే మొదటిసారి. పెద్దగా కేక పెట్టాలనిపించింది, పెళ్లివారిల్లని ఊరుకున్నాను.

కెమెరా తీసుకెళ్లి ముసలామె ఒళ్లో పెట్టాను. ఆమె తెరని దగ్గరికి తెచ్చుకుని చూసింది, దూరం పెట్టి చూసింది. తన చెయ్యి ఎత్తి చూసుకుంది. చుట్టూ చేరినవాళ్లందరూ ఆమె ఏమంటుందా అని చూస్తున్నారు.

"నా పెళ్లికి మా యత్త ఇలాగే సెయ్యి అడ్డంపెట్టినాది," అంది. "దానికి ఫోటో నేదని బెంగపడ్డాను. ఇన్నాళ్లకి కళ్లారా సూసినాను."

కొంగుతో కళ్లు ఒత్తుకుని, కెమెరా నాకు తిరిగిచ్చి, అరుగు మీదున్న మావకేసి తిరిగింది. పందిట్లో కూడా ఈ పిల్లే తీస్తాది, ఇంకెవరు తీసినా నానొప్పుకోను అని ఖరాఖండిగా చెప్పింది. పెళ్లివారి పెద్దావిడ మాట, అదీ ముహూర్తం ముంచుకొస్తున్న వేళ. మావ తల గోక్కున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి కెమెరాలో ఆ ఫోటో చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన లెన్సే అది, రీలు రోజుల్లో ఆయన దాంతో ఏమేం తీశాడో నాకు తెలియదు. నా నెత్తిమీద చెయ్యేసి, ఎల్లు, పీటల కాడికి ఎల్లు అన్నాడు.

పందిట్లో పట్టపగటి వెలుతురు, నిండా మనుషుల ముఖాలు. పెళ్లికి ఎర్రదని తీర్పు చెప్పింది నేనే. ఆ మాట ఇప్పుడు మాత్రం ఎందుకు తప్పాలి? పసుపు బెల్టు మెడలో అలాగే ఉంచుకుని, బావ ముందు చెయ్యి చాపాను.

"బావా, ఎర్రది ఇటు తే."

ఆయన మెడలోంచి బెల్టు తీసి నా చేతిలో పెట్టాడు. పెట్టి, రెండు చేతులూ ఖాళీగా వేలాడేసుకుని నిలబడ్డాడు. మరి తనేం చెయ్యాలని తండ్రిని అడిగాడు.

"లైటు స్టేండు పట్టుకో," అన్నాడు మావ.

మెడలో రెండు బెల్టులతో పీటల ముందు నిలబడ్డాను. జీలకర్రా బెల్లం పెట్టే వేళకి పెళ్లికూతురు నాకేసి చూసి నవ్వింది, ఆ నవ్వుని పట్టుకున్నాను. తలంబ్రాలయ్యేదాకా ఎండలో చెమటలు కక్కుకుంటూ నేను ఎటు తిరిగితే అటు ఆ స్టేండు మోసింది మా బావ.