మా సుగుణత్త పెండ్లికి ఎవరెవరు పోలేదంటే

మా చిన్నప్పుడు మా సుగుణత్త సైకిలెక్కి పుత్తూరు బజారుకు బయల్దేరితే, అరుగుల మీద కూర్చున్నోళ్లు వక్కాకు నమిలేది ఆపేసి మరీ చూసేవాళ్లు...

మా నాయనకు చెల్లెలు. ఆరడుగుల మనిషి. నవ్విందంటే నాలుగిండ్ల అవతలికి వినపడేది. పెండ్లిచూపులకు వచ్చినోళ్లు, ఆమె లేచి నిలబడగానే కాఫీ గ్లాసు కింద పెట్టి పోయేవాళ్లు. వీధిలో ఆమెకు పేరు "మొగరాయుడు". తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

ఒక ఎండాకాలం మా ఎదురింట్లో దొరసామి దిగినాడు. భారతం ఆటల్లో ద్రౌపది వేషం కట్టేవాడు. ఆట మధ్యలో కింద పడి చెయ్యి విరిగితే, పేరుపడిన పుత్తూరు కట్టు కట్టించుకునేదానికి మా ఊరొచ్చినాడు. అత్త భుజం దాకా వస్తాడు. సన్న గొంతు, మెత్తని నడక... ఆయనకేమో "ఆడంగి" అని పేరు పెట్టినారు.

ఒంటిచేత్తో వండుకోలేక తిప్పలు పడతా ఉంటే, మా అవ్వ అత్త చేత చారు పంపించింది.

"ఏమప్పా, ద్రౌపదికి అయిదుగురు మొగుళ్లు గదా... గంజి వార్చేదానికి ఒక్కడన్నా రాలేదా?" అనింది అత్త.

"వాళ్లకు జూదానికే పొద్దు సాలడం లేదమ్మా," అన్నాడాయన.

అత్త పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు ముఖం చిట్లించకుండా, ఇంకోసారి ఎట్లా నవ్వించేది అని ఆలోచించిన మగోడు ఆయనొక్కడే...

ఆ తర్వాత కట్టు మార్పించేదానికి అత్తే ఆయన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకొని పోయేది. "వీళ్లల్లో ఎవరు ఎవరికి తాళి కడతారబ్బా?" అని వీధి వీధంతా ఇకిలించింది. ఇద్దరూ కిందికి దిగలేదు, తల దించలేదు.

ఆయన్నే చేసుకుంటానని అత్త పెండ్లి మాటెత్తితే మా పెదనాయన ఎగిరిపడినాడు. "ఆ వేషగాణ్ణి చేసుకుంటే మళ్లీ ఈ గడప తొక్కొద్దు!"

"ఈ ఇంట్లో వంగి వంగి నా నడుం పట్టేసిందన్నా... పోతాండాలే," అనింది అత్త.

గుడిలో పెండ్లి చేసుకున్నారు. మా ఇంటి నుంచి ఒక్క పురుగు కూడా పోలేదు. నేను పోతానని ఏడిస్తే గదిలో వేసి గొళ్లెం పెట్టినారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న తిరుపతిలో మా ఇంటి పెండ్లి ఒకటి జరిగింది. పెదనాయన కొడుకు మైకు పట్టుకున్నాడు. "మా వంశంలో మొదటి ప్రేమ పెండ్లి సుగుణత్తది! మా నాయనే దగ్గరుండి జరిపించినాడు!" జనం చప్పట్లు. ముందు వరసలో, ఈసారి పిలిచి కూర్చోబెట్టిన అత్తా, దొరసామి మామా.

అత్త లేచి నిలబడింది. "రేయ్ అబ్బోడా, మీ నాయన రాలేదురా. తాళి కట్టేటప్పుడు నేను గుడి వాకిలి వైపే చూస్తా ఉండాను... ఎవ్వరూ రాలేదు."

చప్పట్లు ఆగిపోయినాయి. మామ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ అన్నం తినకుండానే వెళ్లిపోయినారు.

అప్పుడు ముఖం మీదే నవ్వేవాళ్లు... ఇప్పుడు మైకులో పొగుడుతారు. మారింది అంతే. ఆ రెండిట్లో ఏది ఎక్కువ సిగ్గుచేటో నాకు తెలీడం లేదు.

మీ ఇండ్లల్లోనూ ఇట్లా తరిమేసి, తర్వాత ఫోటోలో కలుపుకున్న జంటలు ఉంటే రాయండి... వాళ్ల పెండ్లికి ఎవరు పోలేదో అది కూడా రాయండి.