కొబ్బరినూనె తాగిన రబ్బరు

ప్రభాకరరావు చేతులు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ బాయిలరు దగ్గరే అరిగిపోయాయి. గింజలు ఉడికించే ఆ బాయిలరు ఎక్కడ కారినా, ఎక్కడ బుసకొట్టినా కేక వేసేది అతన్నే. బిగించడం, వాషరు మార్చడం, మళ్లీ కారితే మళ్లీ బిగించడం. టెక్కలిలో ఇంటికి చేరేసరికి అన్నం కలపడానికి వేళ్లు ముడుచుకోవు. ఆదివారం ఒక్కరోజైనా పానా ముట్టుకోకూడదని అతని కోరిక. అంతకన్నా పెద్ద కోరికలు ఎప్పుడో మానుకున్నాడు. అలాంటివాడి నెత్తిన తీసుకొచ్చి వేడినీళ్ల తొట్టి పెట్టారు.

బారువ దగ్గర ఎవరో సముద్రపు ఒడ్డున రిసార్టు పెట్టి, నడపలేక మూసేశారు. అందులో హాట్ టబ్ అని ఒకటి ఉండేది. నలుగురు కూర్చుని ఒళ్లు కాపుకునే తొట్టి. దాన్ని యజమాని టెక్కలిలో ప్రభాకరరావు వెళ్లే బాప్టిస్టు సంఘానికి ఇచ్చేశాడు. బాప్టిస్టులకు బాప్తిస్మం అంటే నిండా ముంచాల్సిందే, నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే చెల్లదు. ఇన్నేళ్లూ భావనపాడు ఒడ్డుకు వెళ్లి సముద్రంలో ముంచేవారు. "ముసలివాళ్లకీ రోగులకీ అలల్లో కష్టం. దేవుడే పంపాడు ఈ తొట్టి" అని పాస్టరు శాంతికుమార్ గారు మురిసిపోయారు. దేవుడు పంపినవాటికి స్పేరు పార్టులు ఎవరు పంపుతారో మాత్రం ఆయన చెప్పలేదు.

వేరేవాళ్ల కోసమైతే ప్రభాకరరావు నడుంనొప్పి వంక పెట్టి తప్పుకునేవాడే. కానీ ఆ తొట్టి కోసం ఎదురుచూస్తున్నది అతని అక్క రాహేలు.

తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. వయసులో భావనపాడు జాలరి సింహాద్రిని మనసుపడి పెళ్లాడి, చర్చి గుమ్మం మరిచిపోయింది. బాప్తిస్మం తీసుకోమంటే తర్వాత చూద్దాంలే అనేది. ఒకనాడు వేటకెళ్లిన పడవ సింహాద్రి లేకుండా తిరిగొచ్చింది. ఆ తర్వాత రాహేలుకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఏ గడపకి వెళ్లినా ఆ జబ్బు మాటే గనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇప్పుడు తమ్ముడి ఇంటికి రెండు వీధుల అవతల ఉంటూ, రోజు విడిచి రోజు పలాస వెళ్లి రక్తం శుద్ధి చేయించుకుంటోంది. తమ్ముడు చూడ్డానికి వస్తే గుమ్మంలోనే నిలబడతాడు. "కూకోరా" అంటుంది. "పనుందప్పా" అంటాడు. ఇన్నేళ్లుగా వాళ్లిద్దరి మాటలూ దాదాపు ఇంతే.

ఈ మధ్య ఒకరోజు కూర్చోమనకుండా వేరే మాట అంది.

"నాను పోయేలోపల బాప్తిస్మం ఇప్పించరా తమ్ముడా. సముద్రంలో మాత్రం ఒద్దు. మీ బావని మింగిన నీళ్లలో నాను మునగను."

డాక్టరు గోరువెచ్చటి నీళ్లలో కాసేపైతే ఫర్వాలేదన్నాడు. ఎక్కువ రోజులు వాయిదా వేయొద్దని కూడా అన్నాడు. ఆ మాటకి అర్థం ప్రభాకరరావుకి విడమరిచి చెప్పక్కర్లేదు.

తొట్టి విప్పి చూస్తే పంపు కీళ్ల దగ్గరా, ఫిల్టరు మూత దగ్గరా రబ్బరు రింగులు ఎండి బిగుసుకుని ఉన్నాయి. ఏదో ఒకటి పూస్తే గానీ సర్దుకుని కూర్చోవు. బాయిలరు గ్రీజు చేతిలోకి తీసుకుని, వాసన చూసి, పక్కన పెట్టేశాడు. అక్క ఒళ్లు అతనికి తెలుసు. కిడ్నీ జబ్బు దురదతో చేతులన్నీ గీరుకుని గీరుకుని పుళ్లు. ఆ నల్ల జిడ్డు కలిసిన నీళ్లలో ఆమెను ముంచడమా?

ఒంటికి పడేది కావాలి. ఉద్దానంలో పుట్టినవాడికి ఒంటికి పడేదంటే ఏం తోస్తుంది? కొబ్బరినూనె. తలకి అదే, కాలిన చోట అదే, తుప్పు తాళానికి అదే, పురిటి బిడ్డకి అదే. అక్క కూడా దురదకు అదే రాసుకుంటుంది. ఇంత చిన్న సంగతి ఇందాకే తట్టలేదేమని తనను తాను మెచ్చుకుని, రింగులకి కారేటట్టు పట్టించాడు. నీళ్లు నింపి హీటరు పెట్టాడు. చుక్క కారలేదు. వారమంతా చూసుకోమని చర్చి వాచ్‌మన్‌కి అప్పజెప్పి డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆదివారం రాహేలు తెల్లచీర కట్టుకుని ఆటోలో వచ్చింది. చర్చి పక్క గదిలో అడుగుపెట్టేసరికి నేలంతా నీళ్లు. తొట్టి సగానికి దిగిపోయింది, మిగిలిన నీళ్ల మీద నూనె తెట్టు. ప్రభాకరరావు మూత విప్పితే, రింగు చారులో నానిన వడలా ఉబ్బి, గాడిలోంచి బయటికొచ్చి వేలాడుతోంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. పాస్టరుగారు వచ్చే ఆదివారం పెట్టుకుందామన్నారు. జనం తలో మాటా అనుకుంటూ వెళ్లారు. అక్క ముఖం చూడ్డానికి అతనికి ధైర్యం చాలలేదు.

"పోన్లేరా. ఇన్నేళ్లు ఆగినాను, వారం ఆగలేనేటి?" అంది రాహేలు.

ఆగగలదో లేదో ఇద్దరికీ తెలీదు. అదే అతన్ని ఆ రాత్రి తిననివ్వలేదు.

మర్నాడు ఉబ్బిన రింగు జేబులో వేసుకుని, టెక్కలి మెయిన్‌రోడ్డులో మోటార్ల సామాను అమ్మే ధనుంజయ్ కొట్టుకి వెళ్లాడు. ధనుంజయ్ రింగుని వేళ్లతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏటి మావా, దీనికి తలంటు పోసినావేటి?"

"మా అప్ప ఒంటికి పడాలని పూసినాను."

ధనుంజయ్ నవ్వు ఆపేశాడు. "ఒంటికి పడితే రబ్బరుకి పడాలని ఏటుంది? ఈ నల్లరబ్బరు నూనె తాగి ఉబ్బిపోతాది. వేజిలైను పూసినా అంతే. సిలికాను గ్రీజు వాడు. మన ఊళ్లలో మంచినీళ్ల ప్లాంటులున్నాయి కదా, వాటి ఫిల్టర్లకి ఇదే పూత్తాం. ఇదిగో, తాగేనీటికి పనికొత్తాదని ట్యూబు మీద రాసుంది సూడు. అలాగ రాసింది తప్ప వేరేది ముట్టుకోకు."

"మరి ఒంటికి?"

"తాగే నీళ్లలో ఉండేది ఒంటికి ఏటి సేత్తాది? కానీ రింగే సిలికానుదైతే దానికిది పూయకు, సుట్టాన్ని సుట్టం తిన్నట్టు తినేత్తాది. నీది కాదులే. కొత్త రింగులు ఇత్తాను. గాడి తుడిసి, మెరిసేంతే పూయి. నీలాగ తలంటొద్దు."

ప్రభాకరరావుకి నవ్వు రాలేదు. అక్కకి ఏది మంచిదో ఆలోచించాడు. అక్క కోసం నీళ్లు పట్టి ఉంచాల్సిన రబ్బరుకి ఏది మంచిదో ఆలోచించలేదు. ఇన్నేళ్లు వాల్వుల మధ్య బతికి, సొంత మనిషి దగ్గరికొచ్చేసరికి చేసిన పని అది.

ఆ సాయంత్రం తొట్టినీ పైపుల్నీ జిడ్డు పోయేదాకా కడిగి, గాడి గుడ్డతో తుడిచి, కొత్త రింగులకి వేలి కొసతో పల్చగా పూసి బిగించాడు. వారం మధ్యలో రాహేలు పలాస నుంచి వస్తూ ఆటోలో స్పృహ తప్పింది. అక్కడినుంచి అతను రోజూ డ్యూటీ దిగి ముందు అక్కను చూసి, తర్వాత చర్చికి పోయి తొట్టి కింద చెయ్యి పెట్టి చూసేవాడు. అక్కా, తొట్టీ, ఇద్దరిలో ఎవరు ముందు చెయ్యిచ్చేస్తారోనని భయం. ప్రార్థన చేద్దామని మోకాళ్లూనితే కళ్లు మూతలు పడేవి.

ఆదివారం వచ్చింది. రాహేలు కూడా వచ్చింది, ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని నడిపిస్తే. తొట్టి నిండుగా ఉంది. పాస్టరుగారు చెయ్యి పట్టి ఆమెను దింపారు. ఒక్కసారి నిండా ముంచి లేపారు. జనం పాట ఎత్తుకున్నారు. ఆయన పైకి రమ్మని చెయ్యి చాచారు. రాహేలు కదల్లేదు.

"కాసేపు ఉండనీండి అయ్యగారూ. ఒళ్లు తేలికైనాది. ఎన్నాళ్లయిందో ఇలగుండి" అంది కళ్లు మూసుకుని.

పాస్టరుగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పాట అయిపోతే జనం మళ్లీ మొదట్నుంచి అందుకున్నారు. ప్రభాకరరావు తొట్టి పక్కన వంగి, అలవాటు కొద్దీ పైపు కీలు కింద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"కారతందేటిరా?" అంది రాహేలు కళ్లు తెరవకుండానే.

అతను చెయ్యి తీసి చూసుకున్నాడు. పొడిగా ఉంది.

"లేదప్పా."

"అయితే కూకోరా."

పనుందప్పా అనబోయాడు. పనేమీ లేదు. తొట్టికి వీపు ఆనించి నేలమీద కూలబడ్డాడు. రాహేలు తడిచెయ్యి చాచి అతని నెత్తిన పెట్టింది. అప్పుడొచ్చింది అతనికి ఏడుపు.