మగ్గం మీదే మేలుకున్న హంసలు

దగ్గరికి జరిగి కూర్చోండి తల్లీ, గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది.

ధర్మవరంలో మాది మగ్గాల ఇల్లు. పెళ్లిచీర అంచులో హంసలు నేస్తే కంటి చోటు వదిలేస్తాం. చీర మగ్గం దిగాక పెళ్లికూతురి మేనత్త జరీ పోగుతో ఆ కళ్లు కుట్టాలి. మగ్గం మీదే కళ్లు తెరిస్తే హంసలు మగ్గాన్నే ఇల్లనుకుంటాయనీ, చీర కట్టిన పిల్లను అత్తగారింట నిలవనివ్వవనీ మా అత్త చెప్పేది.

నా కూతురికి హిందూపురం సంబంధం కుదిరింది. ఆ చీరకు ఏ గడిలో ఏ రంగు పోగు రావాలో మగ్గానికి అంకెల్లో చెప్పే ప్రోగ్రాము మా కోడలు రాసింది. పెనుకొండ పిల్ల, జావాస్క్రిప్టు నేర్చింది. కంటి గళ్లు ఎప్పటిలాగే ఖాళీగా వదిలింది.

చీర ముఖం కిందికి ఉంటుంది గనుక మగ్గం అడుగున అద్దం పెట్టి చూస్తాం. నేత నడుస్తుండగా ఒక మధ్యాహ్నం అద్దం తుడుస్తూ మా ఆయన నన్ను పిలిచాడు.

"ఇట్ల రామే. ఇవి మనల్నే చూస్తాండాయి."

అద్దంలో హంసలన్నిటికీ ఎర్రటి కళ్లు.

"ఏమ్మా, కళ్లు పెట్టినావా?" అని కోడలిని అడిగాను.

"ఖాళీగానే వదిల్నా అత్తా!" అంటూ కంప్యూటరు ముందు కూర్చుంది. కాసేపటికి తెరను మా వైపు తిప్పింది. "రంగుల అంకెలు వరసగా పెట్టేదాన్ని అర్రే అంటారత్తా. ముందు వాడిన అర్రేలో ఖాళీ గడి వస్తే, గడి గడీ చదివే లూపు దాన్ని దాటుకుని పోతాండె. నిదానమవుతాందని నిన్న ఒట్టి అంకెలే పట్టే టైప్డ్ అర్రేకి మార్చినా. దాంట్లో ఖాళీ అనేదే ఉండదు. మనమేం పెట్టకపోతే సున్నా కూర్చోనుంటాది. లూపు దాన్నీ పలకరిస్తాది. నా లెక్కలో సున్నా అంటే ఎర్రపోగు."

"ఏం వదినా, నీ హంసలకు నిద్ర పట్టలేదా?" అని నవ్వబోయిన నా కూతురు అద్దం చూసి వెనక్కి జరిగింది.

ఎర్రపోగుకు వేరే అంకె ఇచ్చి, సున్నా అంటే ఏ పోగూ వద్దని కోడలు మార్చింది. నేసిన కళ్లను మేము సూదితో ఒక్కొక్కటే ఊడదీశాం.

పెళ్లినాడు హిందూపురంలో మేనత్త కళ్లు కుడుతూ కొంగు దగ్గర ఆగింది. "వదినా, ఈ హంస ఎర్రకన్నుతో మేలుకొనే ఉండాది కదా?"

ఊడదీస్తానని సూది అందుకుంటే నా కూతురు కొంగు లాక్కుంది.

"ఉండనీమా. మనింటి దారి తెలిసింది ఒకటన్నా నాతో ఉంటాది."

పిల్ల అక్కడే నిలిచింది, చల్లగా కాపురం చేసుకుంటోంది. ఆ ఇంట్లో మగ్గం లేదు. అయినా పొద్దున లేస్తే మగ్గం చప్పుడు వినబడుతుందని ఫోనులో చెబుతుంది. ఇక్కడ మా మగ్గం ఆగి ఉన్న రోజున కూడా.

విన్న మీ ఇల్లు చల్లగుండాలి. మీ ఆడపిల్లలు అడుగుపెట్టిన చోటల్లా దీపం నిలవాలి.