మూత పెట్టిన గ్లాసు

ఇల్లు అమ్మడమంటే ఇల్లు తుడవడమేనని ఆరోగ్యమ్మకు యాభై ఏడో ఏట తెలిసింది.

పాతికేళ్లు ఒక నర్సింగ్ హోములో ఆయాగా చేసి, పోయినేడే మానేసింది. ఇక బకెట్టు మొహం చూడక్కర్లేదనుకుంది. తీరా బ్రోకరు భీమశంకరరావు గుమ్మం తొక్కిన రోజు నుంచీ పొద్దుటోసారి, మధ్యాహ్నమోసారి నడుం వంచి తుడుస్తూనే ఉంది. నర్సింగ్ హోములో కనీసం ఆదివారాలు సెలవుండేది. ఇళ్లు చూసేవాళ్లు ఆదివారాలే ఎక్కువగా వస్తారు.

వన్ టౌన్లో, ఓడరేవు పక్కన, సందులో సందు అది. ఆటో లోపలికి వచ్చిందంటే వెనక్కి నడుపుకుంటూ బయటపడాల్సిందే. రెండు గదులు, వంటిల్లు, ముందు కటకటాల వరండా. ఆ సందులో నేల ఎంత తుడిచినా గంటకల్లా అరికాళ్లు నల్లబడతాయి. గాలి తిరిగిందంటే సన్నటి నల్ల దుమ్ము కిటికీ రెక్కల మీద, దిండు గలీబుల మీద, ఆరేసిన చీరల మీద పేరుకుంటుంది. ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో వైపు చెయ్యి చూపిస్తారు. చెయ్యి చూపించడం ముప్పయ్యేళ్లుగా అయిపోయింది, తుడవడమే ఇంకా అవలేదు.

ఆరోగ్యమ్మ మొగుడు శుభాకర్ ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మూడేళ్లుగా ఆయాసం. మాట్లాడితే దగ్గు, మెట్టెక్కితే దగ్గు, పడుకుంటే మరీను. మందులు మార్చి మార్చి విసిగిపోయిన డాక్టరు ఈసారి మందు మార్చలేదు, ఇల్లు మార్చమన్నాడు. మంచు పడే రోజులు రాకముందే మారితే మంచిదని గట్టిగా చెప్పాడు. పెందుర్తి అవతల ఒక చిన్న ఇల్లు చూసిపెట్టుకున్నారు. అక్కడ శుభాకర్ ఒక పూటంతా కూర్చుని ఒక్కసారే దగ్గాడు. ఇది అమ్ముడుపోతేనే అది.

భీమశంకరరావుకి అబద్ధం చెప్పడని పేరుంది. నిజమే, ఆయన చెప్పడు, ఇంటివాళ్ల చేత చెప్పిస్తాడు. మొదటి రోజే మొత్తం పాఠం ఒప్పజెప్పాడు. దుమ్ము వైపు కిటికీలు తెరవకూడదు. తీగ మీద బట్టలుండకూడదు. తుడిచిన గుడ్డ, బకెట్టులో నల్లనీళ్లు ఎవరి కంటా పడకూడదు. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే విజయనగరంలో కూతురి దగ్గరికి పోతున్నామనాలి. కూతురు అక్సా అక్కడ హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటోంది. అమ్మానాన్నా హాస్టలుకి వస్తున్నారన్న సంగతి ఆ పిల్లకి తెలీదు. చివరి మాట చెప్పడానికి మాత్రం ఆయన కాస్త నసిగాడు.

“మీ ఆయన దగ్గుతుంటే, వచ్చినోళ్లు ఇల్లు సూడరమ్మా. ఆయన్నే సూత్తారు.”

అందుకని ఎవరైనా వస్తున్నారని ఫోనొస్తే శుభాకర్ ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో ఇన్‌హేలర్ పెట్టుకుని, సందు చివర చర్చి ఆవరణలో సిమెంటు బల్ల మీద కూర్చోవడానికి పోయేవాడు. ముప్పయ్యారేళ్లు వేళ తప్పకుండా ఆఫీసుకి పోయిన మనిషి, ఇప్పుడు వేళ తప్పకుండా ఇంట్లోంచి పోతున్నాడు. ఒక్కసారీ సణగలేదు. సణిగి ఉంటే ఆరోగ్యమ్మకు కొంత తేలిగ్గా ఉండేది.

మొదట వచ్చినాయన ఇంటివైపు చూడలేదు, చేతిలో ఫోనువైపే చూశాడు. అందులో దిక్సూచి ఉందట. గుమ్మంలో ఒకసారి, పొయ్యి దగ్గర ఒకసారి, బాత్రూములో ఒకసారి తన చుట్టూ తాను తిరిగి, దక్షిణం అని ఒక్క ముక్క అనేసి చెప్పులేసుకున్నాడు. తర్వాత ఏడుగురు మనుషులొచ్చారు. పక్క వీధిలో పెళ్లి భోజనం చేసి, దారిలోనే కదా అని దిగారు. అందులో ఒకావిడ ఫ్యాను గాలి ఎలా వస్తుందో చూస్తానని మంచం మీద నడుం వాల్చి పావుగంట లేవలేదు. ఫోన్ చేస్తామన్నారు. ఆ మాటకి అర్థమేమిటో ఆరోగ్యమ్మకు అప్పటికే తెలిసిపోయింది.

మూడో ఆయన ఉల్లిపాయల షావుకారు. అడుగులతో కొలుచుకుని, నడిమి గోడ తీయించేస్తే రెండు లారీల సరుకు పడుతుందన్నాడు. వెంటనే తీసుకుంటానన్నాడు గాని, ఆయన చెప్పిన ధర పెందుర్తి ఇంటికి ఏమూలకీ చాలదు. పోతూ పోతూ వంటింటి గట్టు మీద వేలి కణుపుతో కొట్టి, ఇది పగలగొట్టించెయ్యాలని తనలో తనే అనుకున్నాడు.

ఆ గట్టు సంగతి చెప్పాలి. ఆరోగ్యమ్మ పొడగరి. పుట్టింట్లో, అత్తింట్లో, అద్దె ఇళ్లలో వంగి వంగి వండి నడుం పట్టేసిన మనిషి. ఈ ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో రెండు రోజులు పోట్లాడి, గట్టు తన ఎత్తుకి తగ్గట్టు నాలుగంగుళాలు పైకి కట్టించుకుంది. జీవితంలో తన కొలతకి తయారైన వస్తువు అదొక్కటే. ఇల్లు చూడొచ్చిన ఆడవాళ్లందరూ ఎత్తుగా ఉందేమిటని దానికి వంక పెట్టినవాళ్లే. షావుకారు వెళ్లిపోయాక, ఆయనకి ఇల్లివ్వనని ఆమె మొగుడితో కచ్చితంగా చెప్పేసింది.

మరో రెండు వారాలకి ఈశ్వరి, నాగబాబు వచ్చారు. యారాడలో చేపల వేటకి పోయే కుటుంబం వాళ్లది. నాగబాబు పడవ ఇప్పుడు ఫిషింగ్ హార్బర్లోనే ఉంటోంది, రోజూ కొండ దిగి వచ్చిపోవడం కష్టమైపోతోందట. ఈశ్వరి చంకలో ఏడాదిన్నర పిల్లాడు. చేపల వేలంపాటలయ్యేసరికి ఆలస్యమై, మూడు గంటలకి వచ్చారు. అప్పటికి గాలి తిరిగింది. ఆరోగ్యమ్మ ఆ రోజు మూడోసారి తుడిచి, బకెట్టు మంచం కిందకి తోసి, వాళ్లని రమ్మంది.

ఈశ్వరి కూడా పొడగరే. పిల్లాణ్ణి నేల మీద దించి, వంటింట్లోకి పోయి, గట్టు ముందు నిలబడింది. రెండు చేతులూ దాని మీద ఆనించి చూసింది. వంగలేదు. నడుం తిన్నగానే ఉంది.

“ఏటి పిన్నీ, ఇది నాకోసమే కట్టినట్టుంది,” అంది.

ఆరోగ్యమ్మ ప్రాణం లేచొచ్చింది. ఈ పిల్ల ఇక్కడ నిలబడి చేపల పులుసు వండుతుంది, గట్టు ఉంటుంది, మొగుడు పెందుర్తిలో ఊపిరి పీల్చుకుంటాడు. గుమ్మం దగ్గర భీమశంకరరావు కూడా గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. బేరం కుదిరేటప్పుడు ఆయన గొంతు అలాగే తగ్గుతుంది.

ఆ సంతోషంలోనే ఆమె మంచినీళ్లు తెచ్చింది. ఇంతకు ముందు వచ్చినవాళ్లందరూ నీళ్ల సీసాలు తెచ్చుకున్నవాళ్లే, ఎవరికీ ఇవ్వాల్సి రాలేదు. రెండు స్టీలు గ్లాసులు, ఒక్కొక్క దాని మీద ఒక చిన్న మూత. ఆ సందులో ఎవరింటికి పోయినా నీళ్లు అలాగే ఇస్తారు. వంటింట్లోంచి వరండాలోకి తెచ్చేలోపలే పైన నల్లగా తేలుతుంది మరి. భీమశంకరరావు పాఠంలో కిటికీలున్నాయి, బట్టలున్నాయి, మొగుడున్నాడు. మూతలు మాత్రం లేవు, ఎందుకంటే ఆయనా ఆ సందులో పుట్టినవాడే.

ఈశ్వరి మూత తీసి, తిరగేసి చూసింది. గ్లాసులోకి చూసింది.

“నీళ్లకి మూతెట్టారేటి పిన్నీ?”

“శుభ్రం ఎక్కువమ్మా ఈవిడికి. ఆస్పత్రిలో పన్జేసిన మనిషి కదా,” అన్నాడు భీమశంకరరావు, రెప్ప వాల్చకుండా.

ఇక ఆరోగ్యమ్మ తల ఊపితే చాలు. ఊపుదామనే అనుకుంది, ఆ మాట దాచడం దేనికి. ఈలోగా పిల్లాడు వరండాలో పాకి పాకి వచ్చి ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని లేచి నిలబడ్డాడు. రెండు అరచేతులూ మసిగుడ్డల్లా ఉన్నాయి. ఒక చెయ్యి నోట్లో పెట్టుకోబోయాడు. నర్సింగ్ హోములో ఆయాసంతో వచ్చే పసిపిల్లల మొహానికి ఆవిరి మాస్కు అదిమి పట్టుకునే పని ఆమెదే ఉండేది. వాళ్లు గిజగిజ కొట్టుకునేవాళ్లు. ఎన్ని వందలమందిని పట్టుకుందో లెక్కలేదు.

ఆమె కింద కూర్చుని, పిల్లాడి చెయ్యి పట్టుకుని, తన తెల్లచీర చెంగుతో తుడిచి, ఆ చెంగు ఈశ్వరికి చూపించింది.

“దుమ్మమ్మా. నాను తుడిసి గంటవలేదు. మా ఆయనకి ఆయాసం దీనివల్లే. ఆయన్ని సర్చి కాడ కూకోబెట్టొచ్చేను. పసిపిల్లోడితో ఇక్కడికి రాకండి.”

నాగబాబు నీళ్లు గుక్కతిప్పుకోకుండా తాగి గ్లాసు కింద పెట్టాడు. ఈశ్వరి పిల్లాణ్ణి చంకనేసుకుని, వెళ్లేముందు ఆ ఖాళీ గ్లాసు మీద మూత జాగ్రత్తగా పెట్టింది. వాళ్లు సందు మలుపు తిరిగేదాకా ఓపిక పట్టి, భీమశంకరరావు గొడుగు తీసుకున్నాడు. ఇంక ఎవర్ని తేవాలో మీరే సెప్పండమ్మా అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

శుభాకర్ సిమెంటు బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి జరిగాడు. పక్కన కూర్చుంది.

“సెప్పేసేను,” అంది.

ఏటని ఆయన అడగలేదు. చెంగు మీద మరక చూశాడు. పిల్లాడికెన్నేళ్లని అడిగాడు. ఏడాదిన్నర ఉంటుందంది. ఆయన దగ్గబోయి, అలవాటుగా పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకున్నాడు. ఊపిరి కుదుటపడ్డాక అన్నాడు.

“ఉల్లిపాయలాయనకి ఫోన్ సెయ్యి. మూటలకి ఆయాసం రాదు.”

“ఆ డబ్బుకి పెందుర్తి ఇల్లు రాదు.”

“అద్దెకుందుం.”

“నా గట్టు కొట్టించేత్తాడయ్యా.”

“తెలుసు,” అన్నాడు శుభాకర్.

అప్పుడు ఆరోగ్యమ్మ ఏడ్చింది. ఇల్లు పోతున్నందుకు ఏడ్చిందంటే అబద్ధం, ఆ గట్టు కోసమే ఏడ్చింది. మిగిలిన వయసంతా మళ్లీ ఎవరి గట్టు దగ్గరో వంగాలి. ఆయన ఆమెను ఆపలేదు. వాచీ చూసుకుని, ఇంక ఎవరూ రారు కదా అని అడిగి లేచాడు.

ఇంటికొచ్చాక ఆమె మంచం కింది బకెట్టు లాగి, నల్లనీళ్లు పట్టపగలే సందు కాలవలో పారబోసి, బోర్లించింది. శుభాకర్ వరండాలో తన కుర్చీలో కూర్చుని, ఇన్ని రోజులూ చర్చి బల్ల మీద అణచుకున్న దగ్గంతా తీరిగ్గా దగ్గాడు. వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు. ఆమె తలుపు వెయ్యలేదు.