పాపక్క కొన్న సైలెన్సర్

యలహంక పాతూర్లో పాపక్క చెయ్యి వణకదని పేరు. గడియారాల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజలో సగం ఉండే స్క్రూలు బిగించిన చెయ్యి అది. రిటైరయ్యాక ఆ చేతికి బియ్యంలో రాళ్లేరడం తప్ప పని లేకుండా పోయింది. ఈ కాలపు బియ్యంలో రాళ్లు కూడా ఉండవు.

ఒకరోజు కూరగాయలకని బయల్దేరింది. దారిలో ఒక గేటు మీద 'పెద్దవారికి ఉచిత శిక్షణ' అని బోర్డు కనిపించింది. ఉచితం అన్న మాట దాటి చదివే అలవాటు ఆమెకు లేదు. లోపలికి వెళ్తే వరసగా చాపలు పరిచి ఉన్నాయి. మనుషులు బోర్లా పడుకుని తలలెత్తి ఉన్నారు. యోగా కాబోలు, భుజంగాసనం వేస్తున్నారు అనుకుని పాపక్క సంచీ పక్కన పెట్టి తానూ పడుకుంది. చేతికి తుపాకి ఇచ్చారు.

అది రైఫిల్ క్లబ్బు. నేర్పే అమ్మాయి పేరు సహన. ఎలా పట్టుకోవాలో, ఎక్కడ చూడాలో చెప్పింది. పాపక్క మొదటి గుండు ఎదురుగా నిలిపిన గురి అట్ట నడిమధ్యలో తగిలింది. ఆ వస్తువు అంత సద్దు చేస్తుందని ఆమెకు అప్పటికి తెలియదు మరి. తెలిశాక పేల్చిన రెండో గుండు పక్కవాళ్ల అట్టకు తగిలింది.

అక్కణ్ణుంచి అదే వరస. రైఫిలైనా పిస్తోలైనా గురి గోడకు కొట్టిన మేకులా నిలిచేది. తీరా ట్రిగ్గర్ మీద వేలు బిగిసే వేళకు రెండు కళ్లూ మూసుకుపోయేవి, భుజాలు చెవుల దాకా లేచేవి. సహన చెవులకు పెద్ద డిప్పలు పెట్టింది, లోపల దూది కూడా పెట్టింది.

"చెవులు మూస్తే ఏం లాభం తల్లీ, ఎదురు చూసేది గుండె కదా," అంది పాపక్క.

కుందలహళ్ళిలో కంప్యూటర్ కంపెనీలో పనిచేసే చెల్లెలి కొడుకు లలిత్ ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు ఈ బాధ విన్నాడు. వెంటనే ఫోన్లో ఒక అమెరికా వీడియో పెట్టి చూపించాడు. అందులో గడ్డపాయన ఒకడు, చిన్న తుపాకులకు సద్దు తగ్గించే సైలెన్సర్ మొదటిసారి ఎలా ఎంచుకోవాలో పెళ్లిచూపులకు వెళ్లే వాళ్లకు చెప్పినట్టు చెబుతున్నాడు. క్లబ్బులో వాడే 'ఇరవై రెండు' సైజు గుండ్లు మసి ఎక్కువ చేస్తాయట, అందుకని విప్పి కడుక్కునేలా ఉండాలట. బరువుంటే పిస్తోలు మూతి వాలిపోతుందట. స్టీలుదైతే మన్నుతుందట. రైఫిల్‌కీ పిస్తోలుకూ ఒకటే సరిపోయేది కొనుక్కోవడం తెలివట.

"కుక్కర్ కొన్నట్టే ఉండాదే," అంది పాపక్క.

"ఊరికే చూపించినా పెద్దమ్మా. మన దగ్గర..." అని లలిత్ ఏదో చెప్పబోయాడు గానీ, అప్పటికే ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున భర్త వెంకటగిరియప్పకు ఉప్మా చేసిపెట్టి, సందు సందుకూ అంగళ్లుండే నగర్తపేట చేరుకుంది. సైలెన్సర్లు ఎక్కడ దొరుకుతాయని అడిగితే ఎవరో ఒక సందు చూపించారు. హేమంత్‌కుమార్ అనే ఆయన అంగడి అది. గోడ నిండా గొట్టాలు వేలాడుతున్నాయి.

"సైలెన్సర్ కావాలప్పా."

"దేనికక్కా?"

"బుల్లెట్‌కి."

హేమంత్‌కుమార్ మొహం విప్పారింది. ఆ సందులో బుల్లెట్ అంటే మోటార్‌సైకిల్ ఒకటే. "ఏ మాడల్?"

"ఇరవై రెండు."

"ఓ, రెండువేల ఇరవై రెండుదా. మంచి బండి."

"నాకు రెండుండాయి. పొడుగుది ఒగటి, పొట్టిది ఒగటి. క్లబ్బులో పెట్టిండారు. పొట్టిదాన్ని నిలబడి వాడతా, పొడుగుదాన్ని బోర్లా పండుకొని వాడతా. రెండిటికీ ఒగటే సరిపోవాల."

హేమంత్‌కుమార్ అప్పుడే చేతిలోకి తీసుకున్న గొట్టం కింద పెట్టేశాడు. బండి మీద నిలబడీ పడుకునీ విన్యాసాలు చేసే కుర్రాళ్ల క్లబ్బులు ఊళ్లో ఉన్నాయని ఆయన విన్నాడు. జరీ అంచు చీర కట్టిన మనిషి చేస్తుందని మాత్రం అనుకోలేదు.

"ఈ వయసులోనా అక్కా! ఇంట్లో వాళ్లేమీ అనరా?"

"ఏమంటారు? ఆయనే వచ్చి చప్పట్లు కొడతాడు."

హేమంత్‌కుమార్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తర్వాత బేరమంతా సాఫీగా సాగింది. విప్పి కడగొచ్చునా అంటే కడగొచ్చునన్నాడు. స్టీలేనా అంటే స్టీలేనన్నాడు. చేతికి తీసుకుని చూసి, "ఇంత లావుందేమప్పా?" అంటే, "లావుంటేనే కదక్కా సద్దు మింగేది," అన్నాడు. ఆ మాట ఆమెకు సబబుగానే తోచింది. కొనేసింది.

ఆ గొట్టాన్ని పాత పేపర్లో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని మెట్రో స్టేషన్‌కు వెళ్లింది. తనిఖీ దగ్గర సెక్యూరిటీ అమ్మాయి ఆపింది.

"ఏమమ్మా ఇది?"

"సైలెన్సర్."

"దేనికి?"

"పిస్తోలుకు," అంది పాపక్క. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆమెకు చిన్నప్పటి అలవాటు.

కాసేపటికి ఆమె పోలీస్ స్టేషన్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా బల్ల మీద గొట్టం. ఇన్‌స్పెక్టర్‌ది చింతామణి వైపు ఊరు, ఆయన ఇంట్లోనూ తెలుగే. ఆయన గొట్టాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇది మోటార్‌సైకిల్‌ది కదమ్మా."

"కాదప్పా, పిస్తోలుకు. రైఫిల్‌కీ వస్తుంది."

"అమ్మా, బండికి కొన్నానని ఒక్క మాట చెప్పు. ఇంటికి పోదువు."

"నాకు బండే లేదు కదప్పా. లేని బండికి కొన్నానని ఎట్ల చెప్పాల?"

ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. "చూడమ్మా. తుపాకి సద్దు తగ్గించే సామాను లైసెన్సు లేకుండా పెట్టుకుంటే, మన దేశంలో తుపాకి పెట్టుకున్నంత నేరం. మామూలు జనానికి అది ఇయ్యరు."

పాపక్క మొహం చిన్నబోయింది. "అట్లయితే నన్ను లోపలేయాల్సిందే."

"దేనికమ్మా? ఇది పిస్తోలుకు ఎక్కదు!"

"ఎక్కుతుందని అంగడాయన మాటిచ్చినాడే!"

ఇక మాటలతో అయ్యే పని కాదని, ఆయన నడుముకున్న పిస్తోలు తీసి, గుండ్లు తప్పించి గొట్టం పక్కన పెట్టాడు. ఏనుగు తొండం పక్కన ఎలుకను కూర్చోబెట్టినట్టుంది. పాపక్క ముందుకు వంగి, భూతద్దం కన్నుతో చాలాసేపు చూసింది.

"అవునప్పా," అని ఒప్పుకుంది. "మూతి వాలిపోతుంది."

కానిస్టేబుల్ పాపక్క ఇంటికి ఫోన్ చేశాడు. మీ ఆవిడ స్టేషన్లో ఉందని చెబితే వెంకటగిరియప్ప, "ఏ స్టేషన్? యశవంతపురం రైలు స్టేషనా?" అని అడిగాడు. చివరికి సహన వచ్చి ఈమె మా క్లబ్బు మనిషేనని, తుపాకులు క్లబ్బువేనని, అవి గేటు దాటవని చెప్పాక వదిలేశారు. గొట్టం తిరిగిచ్చెయ్యమని ఇన్‌స్పెక్టర్ చేతులు జోడించి చెప్పాడు.

మర్నాడు అంగడికి తీసుకెళ్తే, "ఫిట్ కాలేదా అక్కా?" అన్నాడు హేమంత్‌కుమార్.

"కాలేదప్పా. పోలీసోళ్లు కూడా పెట్టి చూసినారు."

ఆయన ఇంకేమీ అడగకుండా వెనక్కి తీసుకున్నాడు.

ఇక సహన వేరే దారి పట్టింది. కొన్నాళ్లు గుండ్లు లేకుండా ఉత్త తుపాకితోనే సాధన చేయించింది. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమనేది, అంతే. కళ్లు మూసుకోలేదు, భుజాలు లేవలేదు. అయితే పాపక్కకు ఆ టిక్కు చప్పగా అనిపించింది. అందుకని నొక్కిన ప్రతిసారీ తానే నోటితో "ఢాం" అనడం మొదలుపెట్టింది. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. గుండ్లు వేసిన రోజున కూడా అలవాటు కొద్దీ "ఢాం" అంది. తుపాకీ ఢామ్మంది. తన అరుపుకు తను ఎందుకు ఉలిక్కిపడుతుంది? గుండు నడిమధ్యలో తగిలింది.

జిల్లా పోటీల్లో గొడవంతా దీంతోనే వచ్చింది. పాపక్క మొదటి ఢాముకు ఎడమపక్క ఆవిడ గుండు గోడకు పోయింది. రెండో ఢాముకు కుడిపక్క ఆవిడ తుపాకి కింద పెట్టి, మజ్జిగ తాగొస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. తుపాకి మోతకు లేని భయం ఈవిడ నోటికి పుడుతోందని మిగతావాళ్లు ఫిర్యాదు చేశారు. జడ్జీలు ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని నిబంధనల పుస్తకం తిరగేశారు. ఫోన్ మాట ఉంది, పాట మాట ఉంది, నోటితో ఢాం అనడం మాట ఎక్కడా లేదు. ఆఖరికి పెద్ద జడ్జీ వచ్చి, చాప పక్కన గొంతుక్కూర్చుని, "అమ్మా, కొంచెం సద్దు తగ్గించుకుంటారా?" అని బతిమాలాడు.

పాపక్క సరేనంది. మిగతా గుండ్లన్నీ నిద్రపోయే బిడ్డ చెవిలో చెప్పినట్టు "ఢాం... ఢాం..." అంటూ పేల్చింది. పెద్దవాళ్ల విభాగంలో రెండో స్థానం వచ్చింది. వెంకటగిరియప్ప లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు శనివారం పొద్దున ఆ క్లబ్బు గేటు ముందు నుంచి వెళ్తే, చాపల మీద బోర్లా పడుకున్న ముసలీ ముతకా అంతా ఒకే గొంతుతో ఢాం అంటున్నది వినిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లు పాపక్క దగ్గరికెళ్లి, ఢాం పొట్టలోంచి అనాలా, గొంతులోంచి అనాలా అని అడుగుతున్నారు. పొట్టలోంచే అనాలని ఆమె గట్టిగా చెబుతోంది.